అంగడి నష్టం రాసుకున్నారు, బురదెత్తిన చేతుల లెక్క ఎవరు రాస్తారు?

"వరదకు కులం లేదు" అనేది మన పెద్దమనుషులకు బాగా అలవాటైన మాట. ఏరు పొంగిన ప్రతిసారీ ఈ మాట వేదికల మీద వినపడుతుంది, సంపాదకీయాల్లో కనపడుతుంది. నీళ్లు రెడ్డిగారి మిద్దెలోకీ వచ్చినాయి, శెట్టిగారి అంగట్లోకీ వచ్చినాయి, మాదిగపల్లెలోకీ వచ్చినాయి, కాబట్టి ఈ కష్టంలో అందరం ఒకటే అంటారు.

మేము ఒక్క ప్రశ్న అడుగుతున్నాం. నీళ్లు వచ్చేటప్పుడు కులం చూడలేదనే అనుకుందాం. నీళ్లు తీసినాక మిగిలే బురద సంగతేంది? షట్టరు ఎత్తగానే ముక్కులు పగిలే కంపు కొట్టే అంగట్లోకి, మోకాటి లోతు మురుగు నిలిచిన సెల్లారులోకి మొదట దిగేది ఎవరు? "మనుషుల్ని పిలుచుకురాపో" అని సేటు గుమాస్తాను పంపిస్తే, ఆ గుమాస్తా అడ్రసు అడక్కుండా నేరుగా ఏ వీధికి పోతాడు?

జవాబు అందరికీ తెలుసు. తెలిసీ చెప్పరు. చెబితే "అందరం ఒకటే" అన్న మాట అక్కడితో ఆగిపోతుంది.

నీళ్ల కాడ కులం లేదనేవాళ్లు కారంచేడును మరిచిపోయినారు. 1985 జూలైలో ఆ ఊరి మాదిగపల్లె మీద జరిగిన ఊచకోత మొదలైంది మంచినీళ్ల చెరువు కాడనే. తాగే నీళ్లను గేదెల కుడితితో పాడు చేయొద్దని అడిగినందుకే మొదలైంది. 1927 మార్చిలో బాబాసాహెబ్ వేల మందిని వెంటబెట్టుకుని మహద్‌లో చౌదార్ చెరువుకు నడిచింది దోసెడు నీళ్ల కోసమే. తాగే నీళ్లకు కులం అడ్డమొచ్చిన దేశంలో ముంచే నీళ్లకు మాత్రం కులం లేదంటే ఎట్లా నమ్మేది?

మా రాజంపేట సంగతే చూడండి. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి ఆ నీళ్లన్నీ చెయ్యేరు మీద బాదనగడ్డ దగ్గరున్న అన్నమయ్య ప్రాజెక్టు మీద పడినాయి. తెల్లవారుజామున దాని మట్టికట్ట కూడా తెగిపోయింది. ఆ ప్రాజెక్టు గేట్ల గుండా వదలగలిగింది 2.17 లక్షల క్యూసెక్కులు. ఆ రోజు వచ్చింది 3 లక్షలకు పైన. ఉన్న ఐదు గేట్లలో ఒకటి లేవనే లేదు. ఈ మాట మేము కల్పించింది కాదు, ఆ డిసెంబరులో కేంద్ర జలశక్తి మంత్రే రాజ్యసభలో చెప్పినాడు. పులపుత్తూరు, మందపల్లె, తొగూరుపేట, గుండ్లూరు, రామచంద్రాపురం ఊళ్ల మీద ఏరు పారింది. ముప్పై మందికి పైగా చనిపోయినారు, గల్లంతైనారు. శివాలయంలో దీపాలు పెట్టడానికి పోయినవాళ్లను నీళ్లు ఎత్తుకుపోయినాయి. ఆర్టీసీ బస్సులు మనుషులతో సహా వరదలో చిక్కుకున్నాయి. రాజంపేట, నందలూరు మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది.

ఆ గేటు ఎందుకు లేవలేదన్న ప్రశ్న వదిలేది లేదు. ఇంకా అడుగుతాం. కానీ ఈ పేజీల్లో మేము మాట్లాడదలచింది వరద తీసిన తర్వాతి రోజుల గురించి. టీవీల వాళ్లు కెమెరాలు సర్దుకుని పోయినాక మొదలయ్యే పని గురించి. ఊళ్లలో ఆ పని ఒండు తోడడం, పశువుల కళేబరాలు ఈడ్చి పూడ్చడం. పట్నాల్లో ఆ పని అంగళ్లు, గోడౌన్లు, కాంప్లెక్సుల సెల్లార్లు ఖాళీ చేయడం. రెంటికీ పిలుపు వచ్చేది ఒకే వీధికి.

కరువు సీమలో వరదేంది అని నవ్వేవాళ్లున్నారు. కరువు సీమ కాబట్టే ఈ ముప్పు. ఏండ్ల తరబడి వంక ఎండిపోతే వంక మీద కాంప్లెక్సు లేస్తుంది. కుంట ఎండితే కుంటలో ప్లాట్లు పడతాయి. చెరువు అలుగు పారే దారికి అడ్డంగా కల్యాణ మండపం వస్తుంది. ప్లానులో పార్కింగు అని చూపించిన సెల్లారు గోడౌనుగా అద్దెకు పోతుంది. ఎప్పుడో ఒక ఏడు, ఒక్క రాత్రి గట్టిగా వాన పడితే వంక తన దారి తాను వెతుక్కుంటుంది. వంక స్థలంలో కాంప్లెక్సు కట్టినవాడు, దానికి సంతకం పెట్టినవాడు, దాని మీద అద్దె తిన్నవాడు ముగ్గురూ మిద్దె మీదికి ఎక్కుతారు. కిందికి దిగేది మనం.

ఇది ఒక్క రాజంపేట కథ కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచినాయి. అంగళ్లలో సరుకు బురదలో కలిసిపోయింది. అప్పుడు ఒండు ఎత్తడానికి వేరే పట్నాల నుంచి పారిశుద్ధ్య కార్మికులను తెప్పించినారు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్నం తీరంలో శవాలు ఎత్తడానికి వేరే ఊళ్ల మున్సిపాలిటీల నుంచి దళిత కార్మికులను తరలించినారు. 2015లో చెన్నై మునిగినప్పుడూ జిల్లాల నుంచి వాళ్లనే తోలుకొచ్చినారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ మీద పడినప్పుడు రాష్ట్రం నలుమూలల నుంచి వేలమంది కార్మికులను దించినారు. ఊరు మారింది, ఏరు మారింది, ప్రభుత్వం మారింది. లారీ ఎక్కిన వాడ మాత్రం మారలేదు. రాయలసీమలో మాదిగలు, ఉత్తరాంధ్రలో రెల్లివాళ్లు, తమిళనాట అరుంధతీయులు.

2024లో కేంద్ర ప్రభుత్వమే తన నమస్తే పథకం కింద మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే 38,000 మంది వివరాలు సేకరించింది. అందులో నూటికి 92 మంది ఎస్సీ, ఎస్టీ, బీసీలు. ఒక్క ఎస్సీలే నూటికి 69 మంది దాకా ఉన్నారు. దేశ జనాభాలో ఎస్సీలు నూటికి 17 మందే. కులం పోయిందనే మేధావులు ఈ లెక్కకు ఏం జవాబు చెబుతారు? ఇంటర్వ్యూ పెట్టి, మార్కులు చూసి ఎంపిక చేసినారా మమ్మల్ని ఈ పనికి? మనకు రావాల్సిన రిజర్వేషను పోస్టులు ఏండ్ల తరబడి ఖాళీగా పెట్టుకున్న దేశంలో, అడక్కుండానే కోటా మించి మనకిచ్చిన ఉద్యోగం ఇదొక్కటే.

ఇప్పుడు ఆ సెల్లారులో ఏముంటుందో చెబుతాం. వినడానికి కడుపులో తిప్పుతుంది. దిగేవాడికి ఎట్లుంటుందో ఆలోచించండి.

వరద నీళ్లంటే వాన నీళ్లు కావు. ఊరి మురుగు కాలువ అందులోకి పొంగుతుంది. కాంప్లెక్సు సెప్టిక్ ట్యాంకు నిండి మూత లేచి అందులోనే కలుస్తుంది. కిరాణా అంగట్లో బియ్యం, పప్పు మూడు రోజులకు పులిసి పురుగు పడుతుంది. ఎరువుల అంగట్లో యూరియా కరుగుతుంది, పురుగుమందు డబ్బాలు పగిలి విషం నీళ్లలో కలుస్తుంది. బట్టల అంగట్లో తడిసిన తాను ఒక్కొక్కటి ఇనుప దిమ్మెంత బరువు తూగుతుంది. మూలనెక్కడో ఎలుకలు చచ్చి తేలుతుంటాయి. మెయిను ఆపినా ఇన్వర్టరు బ్యాటరీలో కరెంటు ఉంటుంది, తడి గోడను పట్టుకుంటే షాకు కొడుతుంది. గాలి ఆడని చోట మురుగు కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్ల వాసన కొట్టే ఆ విషవాయువు ఎక్కువైతే మొదట చంపేది ముక్కునే. వాసన తెలియకుండా పోతుంది. వాసన పోయింది కదా అని లోపలికి నాలుగడుగులు వేసినవాడు మళ్లీ బయటికి రాడు. నీళ్లు తోడడానికి డీజిల్ ఇంజిను సెల్లారు లోపలనే పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన కూడా లేదు. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లలో కాళ్ల పగుళ్ల గుండా లెప్టోస్పైరోసిస్ జ్వరం ఎక్కుతుంది. అది కిడ్నీలను, కాలేయాన్ని తింటుంది. అది బయటపడేది వారం పది రోజులకు. అప్పటికి సేటు అంగడికి సున్నం కొట్టించుకుని పూజ చేసి బోణీ కూడా చేసుంటాడు. జ్వరమొచ్చిన మనిషి ఏ అంగట్లో పని చేసినాడో ఎవడికి గుర్తుంటుంది?

2024 జూలై 27న ఢిల్లీ రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ సెంటరు సెల్లారులోకి వాన నీళ్లు దూకి ముగ్గురు విద్యార్థులు చనిపోయినారు. దేశం ఉలిక్కిపడింది. పార్లమెంటు మాట్లాడింది, కోర్టు విచారణ సీబీఐకి ఇచ్చింది, సెల్లార్లకు సీళ్లు పడినాయి. పడాల్సిందే. ఆ పిల్లల తల్లుల దుఃఖం మాకూ దుఃఖమే. ఆ నెలలోనే లోక్‌సభకు ప్రభుత్వం ఇంకొక లెక్క చెప్పింది. 2019 నుంచి 2023 వరకు మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చనిపోయినవాళ్లు 377 మంది అని. ఆ లెక్కకు ఎవరూ ఉలిక్కిపడలేదు. కొందరు చావడం వార్త, కొందరు చావడం పనిలో భాగం.

ఇక నష్టం లెక్కలకు వద్దాం. మునిగిన అంగళ్ల లెక్క ఎట్లా రాస్తారో ఎక్కువ మందికి తెలిసింది విజయవాడ వరదల్లోనే, కాబట్టి ఆ లెక్కే చూద్దాం. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్యాకేజీ ప్రకటించింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000. కిరాణా అంగళ్లకు, చిన్న దుకాణాలకు 25,000. ఏడాదికి 40 లక్షల లోపు టర్నోవరు ఉన్న చిన్న పరిశ్రమలు, వ్యాపారాలకు 50,000. 40 లక్షల నుంచి కోటిన్నర దాకా అయితే లక్ష. కోటిన్నర దాటితే లక్షన్నర. చిన్న అంగడి పెట్టుకున్నవాడికి సాయం వద్దని మేము అనం. మనోళ్లు కూడా చెప్పుల అంగడి, టీ బంకు, కోడిగుడ్ల బండి పెట్టుకుని బతుకుతున్నారు. కానీ ఈ లెక్కలో దాగిన న్యాయం ఏందో చూడండి. ఆస్తి ఎంత పెద్దదైతే సాయం అంత పెద్దది. ఇల్లుంటే ఇంటికి, అంగడుంటే అంగడికి, బండుంటే బండికి. మరి ఆ అంగట్లో నెల జీతానికున్న మనిషికి? ఆ గోడౌన్లో మూటకింత అని మోసే హమాలీకి? రాత్రి ఆ షట్టరు ముందర పండుకునే వాచ్‌మన్‌కు? అంగడి మూతపడిన ఇరవై రోజులు వాళ్ల పొయ్యి కూడా మూతపడింది. సొంత ఇల్లు కూడా మునిగితేనే వాళ్లు బాధితులు. పని మునిగితే బాధితులు కారు. చేతుల పనికి కొలత లేదు, ఇటుకకు, రేకుకు, సరుకుకు మాత్రమే కొలత ఉంది.

ఇది ఒక ప్రభుత్వం చేసిన తప్పని మేము సరిపెట్టుకోం. విపత్తు సాయం నిబంధనల వేర్లలోనే ఉంది. మా చెయ్యేటి వరద నాటికి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం, బతుకుదెరువు దెబ్బతిన్న కుటుంబానికి ఇవ్వదగిన భృతి పెద్దవాళ్లకు రోజుకు 60 రూపాయలు, పిల్లలకు 45. అది కూడా అధికారి ధ్రువీకరిస్తేనే. అరవై రూపాయలకు ఒక మనిషి బతుకు ఒక రోజు నిలబడుతుందని లెక్క కట్టిన ఆ అధికారి పొద్దున టిఫినుకు ఎంత పెడతాడు?

ఇన్సూరెన్సు సంగతి ఇంకా విచిత్రం. పెద్ద అంగళ్లకు పాలసీలుంటాయి. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ తెచ్చినారు. అందులో వరద నష్టం ఉంది. అంతేకాదు, శిథిలాలు, చెత్త తొలగించే ఖర్చు కింద క్లెయిములో 2 శాతం దాకా ఇచ్చే వీలు కూడా ఉంది. అంటే 20 లక్షల క్లెయిముకు 40,000 దాకా బురద ఎత్తిన ఖర్చుకే వస్తుంది. సర్వేయరు వస్తాడు, ఫొటోలు తీస్తాడు, తడిసిన సరుకు లెక్క రాస్తాడు, ఎత్తిపోసిన ఖర్చుకు రసీదు అడుగుతాడు. ఆ రసీదు మీద ఎవరి వేలిముద్ర ఉంటుంది? మేస్త్రీ చేతికి ఎంత వచ్చింది, మేస్త్రీ చేతి నుంచి మనిషి చేతికి ఎంత వచ్చింది? బురద ఎత్తడానికి కూడా డబ్బు ఉందని మనవాళ్లకు తెలిస్తే కదా అడిగేది! అందుకే చెబుతున్నాం. ఇది తెలుసుకోండి, అడగండి.

చట్టం దగ్గరికి వద్దాం. పాకీపని నిషేధ చట్టం 1993లో ఒకటి వచ్చింది, 2013లో ఇంకొకటి వచ్చింది. మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం కింద నేరం. మొదటిసారికి రెండేండ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, అట్లా చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. ఇవి దానంగా వచ్చినవి కావు. బెజవాడ విల్సన్ వంటివాళ్లు, సఫాయి కర్మచారి ఆందోళన్ ఏండ్ల తరబడి రోడ్డు మీద, కోర్టులో కొట్లాడితే వచ్చినవి.

కానీ ఈ చట్టంలో ఒక సందుంది. సెప్టిక్ ట్యాంకు అని ఉంది, మురుగు కాలువ అని ఉంది. మునిగిన కాంప్లెక్సు సెల్లారు అని లేదు. ట్యాంకు పొంగి ఆ మురుగే సెల్లారు నిండా నిలిచినా, కాగితం మీద అది సెల్లారే. అందులో దిగి ఊపిరాడక చచ్చిపోతే "ప్రమాదవశాత్తు" అని రాసేస్తారు. నీళ్లు ఒకటే, విషం ఒకటే, చచ్చే మనిషి ఒకడే. నాలుగు గోడల పేరు మారినందుకు మనిషి విలువ మారిపోవాలా? మురుగు ఎక్కడ నిలిస్తే అదే సెప్టిక్ ట్యాంకు అని మేమంటున్నాం. చట్టంలో అట్లా రాయమంటున్నాం.

ఇంకొక చట్టం మన చేతిలో ఉంది, వాడుకోవడం లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చినాయి. దళితేతరుడు ఎవడైనా ఎస్సీ, ఎస్టీ మనిషి చేత మనుషుల శవాలను గానీ పశువుల కళేబరాలను గానీ మోయించినా, పారవేయించినా, గుంతలు తవ్వించినా అది అత్యాచారం కిందికే వస్తుంది. పాకీపని చేయించినా అంతే. వరద తీసినాక "రేయ్, ఆ గొడ్డును ఈడ్చి పారెయ్ పో" అని ఊరి పెద్ద కేకేస్తే అది నేరం. అది పాత ఆచారం అనుకుని తల వంచుకుని పోయే రోజులు పోవాలి.

ఇప్పుడు వాళ్ల వాదనలు విందాం.

ఒకటి, "కూలి ఇస్తున్నాం కదా, ఊరికే చేయించుకుంటున్నామా" అంటారు. కూలి ఇస్తున్నారు, నిజమే. మరి అదే కూలికి మీ వీధి పిల్లలు ఎందుకు దిగడం లేదు? డిగ్రీలు చదివి అరుగుల మీద కూర్చున్నోళ్లు మీ వీధిలో లేరా? వెయ్యికి రెండు వేలిస్తామన్నా దిగరు. అంటే ఆ పనికి ధర కూలితో తేలడం లేదు, పుట్టుకతో తేలుతోంది. బాబాసాహెబ్ 1936లోనే కుల నిర్మూలనలో ఈ మోసాన్ని బట్టబయలు చేసినాడు. పనులు పంచుకున్నట్టు కనపడే ఈ ఏర్పాటులో పంచబడింది మనుషులే.

రెండు, "వాళ్లకు అలవాటేలే" అంటారు. మురుగుకు అలవాటు పడిన ఊపిరితిత్తులు ఏ తల్లి కడుపులోనూ తయారు కావు. అలవాటైంది మాకు కాదు, మా చావు చూడటం వాళ్లకు అలవాటైంది.

మూడు, "ఆపదలో సేవ చేయడం పుణ్యం" అంటారు. మంచి మాట. వరదప్పుడు కార్మికుల కాళ్లు కడిగి, శాలువాలు కప్పి, ఫొటోలు తీయించుకునే నాయకులను చూసినాం. అదే కార్మికులు సమాన పనికి సమాన వేతనం కావాలని, పర్మనెంటు చేయాలని 2023 డిసెంబరు 26 నుంచి రాష్ట్రమంతా సమ్మెకు దిగినప్పుడు శాలువాలు యాడికి పోయినాయి? సేవ చేసేటప్పుడు దేవుళ్లు, జీతం అడిగేటప్పుడు ద్రోహులు. పుణ్యం అంత గొప్పదైతే కొంచెం మీరూ మూట కట్టుకోండి. పారలు మేమే ఇస్తాం.

మేము బడిలో హాజరు పిలిచేవాళ్లం. వరద తీసిన వారంలో రిజిస్టరు తెరిస్తే ఎవరి పేరు ఎదురుగా గైర్హాజరు పడుతుందో మాకు తెలుసు. అమ్మానాయనల వెంట తట్ట మోయడానికి పోయిన పిల్లలు వాళ్లు. ఏడో తరగతి పిల్లోడి చేతికి పలక బరువుండాల్సిన వయసులో తడిసిన సిమెంటు మూట బరువు తెలుస్తుంది. అంగడి నష్టం నెలలో తీరుతుంది. ఆ పిల్లోడు బడికి దూరమైన నష్టానికి ఏ సర్వేయరు వచ్చి ఫొటో తీస్తాడు?

అయితే ఏం చేయమంటారు, అంగళ్లు అట్లనే కుళ్లిపోనీయాలా అని అడగొచ్చు. అక్కర్లేదు. అంగడి తెరుచుకోవాలి. అంగడి తెరుచుకుంటేనే మన హమాలీకి, మన గుమాస్తాకు కూడు. పని జరగాలి, కానీ ముందు యంత్రం దిగాలి, తర్వాతే మనిషి దిగాలి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ముందుగా కరెంటోళ్లు వచ్చి స్తంభం దగ్గరే లైను తీసేయాలి. ఇన్వర్టరు, బ్యాటరీలు విప్పేది కూడా తెలిసిన ఎలక్ట్రీషియనే. ఇంజనీరు గోడలు, స్తంభాలు చూడాలి. 2021లో మా చెయ్యేటి వరద వచ్చిన ఆ రోజుల్లోనే కదిరిలో వానకు నానిన కట్టడం కూలి పక్క ఇంటి మీద పడి పిల్లలతో సహా మనుషులు పోయినారు. నానిన గోడ మాట చెప్పి కూలదు. నీళ్లు తోడే ఇంజిను బయట పెట్టి పైపు మాత్రమే లోపలికి వేయాలి. సెల్లారు నీళ్లన్నీ ఒక్క రోజులో తోడేయకూడదు. చుట్టూ మట్టి నానివుంటుంది, లోపల నీళ్లు ఒక్కసారిగా తగ్గితే బయటి ఒత్తిడికి గోడ లోపలికి విరుగుతుంది. రోజుకు మూడో వంతు లెక్కన తోడుకోవాలి. తర్వాత గాలి ఆడనిచ్చి, విషవాయువు ఉందేమో మీటరుతో చూసి, అప్పుడే మనిషి దిగాలి. దిగే మనిషికి మోకాళ్ల దాకా బూట్లు, మందపు గ్లౌజులు, మాస్కు ఉండాలి. నడుముకు తాడు, పైన ఇంకొక మనిషి ఉండాలి. ధనుర్వాతం సూది వేయించాలి. ఎలుక జ్వరం రాకుండా డాక్టరు చూసి మాత్రలివ్వాలి. పని ముగిసినాక సబ్బు, వేడి నీళ్లు, మార్చుకోవడానికి గుడ్డలు ఇవ్వాలి.

ఇవన్నీ గొంతెమ్మ కోరికలా? అంగట్లో గాజు బొమ్మను దించేటప్పుడు చూపే జాగ్రత్త మనిషిని దించేటప్పుడు చూపమంటున్నాం. అంతే.

అందుకే రాజంపేట నుంచి మేము ఈ డిమాండ్లు ముందు పెడుతున్నాం. ప్రతి ఊళ్లో, ప్రతి వాడలో చర్చించండి. తహసీల్దారుకు, మున్సిపల్ కమిషనరుకు రాసి ఇవ్వండి. ఇచ్చి రసీదు తీసుకోండి.

1. వరద నష్టం లెక్క రాసేటప్పుడు అంగడితోపాటు అందులో పనిచేసే గుమాస్తా, హమాలీ, వాచ్‌మన్, ఊడ్చే మనిషి పేర్లు కూడా రాయాలి. అంగడి మూతపడిన ప్రతి రోజుకూ ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం ఇవ్వాలి.

2. మురుగు కలిసిన వరద నీళ్లు నిలిచిన సెల్లార్లను, గోడౌన్లను 2013 చట్టంలో ప్రమాదకర శుభ్రత కిందికి తేవాలి. అందులో చనిపోయినవాళ్లకూ సుప్రీంకోర్టు చెప్పిన 30 లక్షలు ఇవ్వాలి.

3. ఇన్సూరెన్సు క్లెయిములో చెత్త తొలగింపు ఖర్చు ఇచ్చేటప్పుడు పనిచేసిన మనిషికి బ్యాంకు ఖాతాలో కూలి పడినట్టు రుజువు అడగాలి.

4. వేరే ఊళ్ల నుంచి తెచ్చే పారిశుద్ధ్య కార్మికులకు పడుకోను చోటు, వేడి కూడు, రెట్టింపు కూలి, పనికి ముందు వైద్య పరీక్ష, పని ముగిసిన నెల దాకా ఉచిత వైద్యం ఇవ్వాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి, గుడ్డలు మార్చుకునే గది ముందు చూపించి, ఆ తర్వాతే పార చేతికివ్వాలి.

5. వరద తర్వాత దళితుల చేత కళేబరాలు ఎత్తించిన ప్రతి చోటా అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాలి. ఆ పని మున్సిపాలిటీ, పశుసంవర్ధక శాఖ యంత్రాలతో చేయాలి.

6. వంకల మీద, కుంటల్లో కట్టిన కాంప్లెక్సుల జాబితా బయట పెట్టాలి. ప్లానులో పార్కింగని చూపించి గోడౌనుగా వాడుతున్న సెల్లార్లను ఖాళీ చేయించాలి. వంకను మింగినోడి మీద కేసు లేకుండా, వంక మిగిల్చిన బురదను మాత్రం మాదిగోడు ఎత్తాలనే న్యాయం ఇక చెల్లదు.

మిత్రులారా, ఏరు మళ్లీ పొంగుతుంది. వాన మన మాట వినదు. కానీ మరుసటి పొద్దున గుమాస్తా మన వీధిలోకి వచ్చి కేకేసినప్పుడు ఏం చెప్పాలో మాత్రం మన చేతిలో ఉంది. "యంత్రం తెచ్చినావా? బూట్లు తెచ్చినావా? కూలి కాగితం మీద రాసినావా?" అని మూడు ప్రశ్నలు అడగండి. మూడింటికీ జవాబు వచ్చినాకే పార పట్టండి. ఒక్క ఇంటాయన అడిగితే పొగరంటారు. వీధంతా కలిసి అడిగితే అది హక్కు అవుతుంది.

జై భీమ్.